వద్దనే చెప్పాను

జనవరి 9, గురువారం

ఈరోజు కూడా నేనే గెలిచాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర సుద్దముక్క పేపరు పరిచి మళ్ళీ ఉక్రెయిన్ యుద్ధం మొదలుపెట్టాడు. పాతికేళ్ళుగా పిండికట్టు అచ్చులు పోసీ పోసీ జుట్టు నుంచి చెప్పుల దాకా తెల్లబడిపోయిన మనిషి. అందుకే వర్క్‌షాపులో అందరికీ అతను సుద్దముక్క. కాలు పోయినవాళ్ళకు అతను అచ్చు తీస్తాడు, ఆ అచ్చు మీద నేను కొత్త కాలు తయారుచేస్తాను. పని దగ్గర మా ఇద్దరికీ ఏనాడూ మాట తేడా రాలేదు. వచ్చేదల్లా అన్నం దగ్గరే.

"పక్కింటివాడు నాకు గిట్టనివాడితో స్నేహం చేశాడనుకో. వాడింట్లో దూరి గోడలు పడగొడతానా? పడగొట్టి, ఇదంతా నా భద్రత కోసమే అంటే నువ్వు ఒప్పుకుంటావా?" అన్నాడు.

"ఆ గిట్టనివాడు తుపాకీ పట్టుకుని నీ ప్రహరీ మీద కూర్చుంటే?"

"కూర్చున్నాడా? కూర్చుంటాడేమోనని నీ అనుమానం. అనుమానానికి ఊళ్ళు తగలబెడతారటయ్యా?"

"కూర్చునేదాకా ఆగితే నీకు ఇల్లు మిగలదు. తూర్పు జిల్లాల్లో ఎనిమిదేళ్ళు ఫిరంగులు పేలాయి. అప్పుడెవరైనా నోరెత్తారా?"

"ఆ జిల్లాల్లో తుపాకులు పంచిందెవరట? ఉక్రెయిన్ తన దగ్గరున్న అణుబాంబులన్నీ అప్పగించినప్పుడు, నీ సరిహద్దు జోలికి రామని సంతకం పెట్టిందెవరట?"

"సంతకాల మాటెత్తితే రెండువైపులా పెద్ద చిట్టానే ఉంది. తూర్పున కాల్పులు ఆపుతామని మిన్‌స్క్‌లో పెట్టిన సంతకాలు ఏ గంగలో కలిశాయి?"

సుద్దముక్క నోట్లో ముద్ద ఉంది. అతను మింగేలోపు నేను లేచి చెయ్యి కడుక్కున్నాను. గెలిచినట్టే.

తమ్ముడు ఫోన్ చేసి నాలుగు నెలలు కావస్తోంది. సెప్టెంబరు పదిహేడు ఆఖరు. వాడు రష్యా సైన్యంలో ఉన్నాడని వర్క్‌షాపులో ఎవరికీ తెలియదు. క్రేన్ నడిపే పని, యుద్ధానికి ఆమడ దూరం అని చెప్పి తీసుకెళ్ళారు. వెళ్ళిన పదో రోజున యూనిఫారంలో ఫొటో పంపాడు. నవ్వుతున్నాడు. టోపీ వాడికి పెద్దదైంది.

నేను వద్దనే చెప్పాను.

ఎవరితోనైనా చెప్పుకోవాలి. కొలతలు రాసుకునే పుస్తకం ఒకటి ఖాళీగా కనిపిస్తే తెచ్చుకున్నాను. ఇక దీనితోనే.

జనవరి 10, శుక్రవారం

ఫోన్ లేదు.

జనవరి 14, మంగళవారం

తమ్ముడి భార్య పాపను తీసుకుని వచ్చింది. తమ్ముణ్ణి పంపిన ఏజెంటు ఆఫీసుకు వెళ్ళిందట. తాళం. బోర్డు పీకేసి నెల దాటిందని కింద కొట్టువాడు చెప్పాడట. పాప నా చెప్పులు వేసుకుని హాలంతా టపటపా తిరుగుతోంది. నాలుగేళ్ళు నిండాయి దానికి. వాళ్ళ నాన్న నడకే.

"బావగారూ, మీరు అప్పుడే వద్దన్నారు. ఆయన వింటేగా! ఎవరి మాట విన్నారు గనక?" అంది మరదలు.

"మొండివాడు" అన్నాను.

అమ్మ కిటికీ దగ్గర కూర్చుని బడి చొక్కాలకు కాజాలు కుడుతోంది. తలెత్తి నావైపు ఒకసారి చూసి, మళ్ళీ సూదిలో దారం ఎక్కించుకుంది.

మొండివాడే. ఏడేళ్ళప్పుడు నీళ్ళ ట్యాంకు ఎక్కి కూర్చుని దిగనన్నాడు. నాన్న బెదిరిస్తే దిగలేదు. అమ్మ ఏడిస్తే దిగలేదు. నేను కింద నిలబడి చేతులు చాపి, "దూకరా, నేనున్నాను" అంటే కళ్ళు మూసుకుని దూకేశాడు.

ఇది ఇప్పుడెందుకు రాశానో తెలియదు.

జనవరి 20, సోమవారం

ఈరోజు కొంచెం గట్టిగా అరిచాను.

సుద్దముక్క పేపర్లో ఫొటో చూపించాడు. కరెంటు కేంద్రం మీద బాంబులు పడి ఊరంతా చీకటి. మైనస్ చలిలో ఒక ముసలాయన మెట్ల మీద కూర్చుని మనవరాలికి దుప్పటి చుడుతున్నాడు. "కారణాల సంగతి పక్కనపెట్టు. నీ రష్యాకి వెయ్యి కారణాలుండనీ. ఈ పిల్ల ఏ కూటమిలో చేరిందని దీన్ని చలికి చంపుతున్నారు?" అన్నాడు.

"రష్యా ఊళ్ళ మీద డ్రోన్లు పడట్లేదా? అక్కడ పిల్లలు లేరా?"

"ఉన్నారు. వాళ్ళ కోసమూ ఏడుస్తాను. కానీ గడప దాటి లోపలికి వచ్చినవాడు, నన్నూ కొడుతున్నారని గోల పెడితే..."

"వెళ్ళినవాళ్ళంతా రాక్షసులా? అందులో ఎంతోమంది కూలికి వెళ్ళినవాళ్ళు, మోసపోయి వెళ్ళినవాళ్ళు! వాళ్ళకి తల్లులు లేరా?"

గిన్నె కింద పడింది. నా చెయ్యే తగిలి ఉంటుంది. సుద్దముక్క వంగి అన్నం ఎత్తుతూ, "ఏంటయ్యా అంత మంట? నీ ఆస్తేమైనా పోయిందా అక్కడ?" అన్నాడు నవ్వుతూ.

నేనూ నవ్వాను.

వాళ్ళది న్యాయమైన యుద్ధం కాకపోతే మావాడు ఎందులో ఉన్నట్టు? ఆ ప్రశ్న దగ్గరికి రాగానే నా గొంతు దానంతట అదే లేస్తోంది.

జనవరి 28, మంగళవారం

ఒక ఎలక్ట్రీషియన్ వచ్చాడు. ముప్ఫై కూడా దాటని మనిషి. ఎడమ కాలు మోకాలి కింద జానెడు మిగిలింది. తొడుగు వేసి, ఎముక పొడుచుకొచ్చే చోట్ల చెరగని పెన్సిలుతో నేను గుర్తులు పెట్టాను. సుద్దముక్క తడి పిండికట్టు చుట్టాడు. గట్టిపడేటప్పుడు అది వెచ్చబడుతుంది. చాలామంది అప్పుడు హాయిగా కళ్ళు మూసుకుంటారు. ఇతను మూయలేదు.

"ఎలా పోయింది బాబూ?" అన్నాడు సుద్దముక్క.

"మందుపాతర."

"ఎక్కడ?"

"ఉక్రెయిన్‌లో. రష్యావాళ్ళ తరఫున. వైరింగ్ పని అని తీసుకెళ్ళారు."

సుద్దముక్క నావైపు చూశాడు. దొరికాడు సాక్షి అన్నట్టుంది ఆ చూపు. "అయితే నువ్వే చెప్పాలి. మేమిద్దరం దీని మీదే రోజూ కొట్టుకు ఛస్తున్నాం. కళ్ళారా చూసినవాడివి. తప్పెవరిది?"

ఎలక్ట్రీషియన్ తన కాలి చుట్టూ ఉన్న తెల్లటి అచ్చును చూసుకున్నాడు. "నేనున్న ఊరి పేరేంటో కూడా నాకు తెలీదన్నా. బోర్డు చదవడం రాదు" అన్నాడు.

సుద్దముక్క అచ్చు మీద తట్టి చూసి ఊడదీయడం మొదలుపెట్టాడు.

తమ్ముడి ఫొటో నా జేబులోనే ఉంది. సుద్దముక్క ఎదురుగా తీయలేకపోయాను.

జనవరి 29, బుధవారం

తీసి ఉంటే ఏమయ్యేది?

ఫిబ్రవరి 6, గురువారం

ఎలక్ట్రీషియన్‌కు ఈరోజు కాలు తొడిగి చూశాము. సుద్దముక్క సామాను కోసం బయటికి వెళ్ళాడు. రెండు కడ్డీల మధ్య ఎలక్ట్రీషియన్ నాలుగడుగులు వేశాడు. మడమ కొంచెం బయటికి తిరుగుతోంది. కూర్చోబెట్టి మర సరిచేస్తూ ఫొటో తీసి అతని చేతికిచ్చాను.

చాలాసేపు చూశాడు. "లేదన్నా. అయినా టోపీ పెడితే అందరం ఒకేలా ఉంటాం" అని తిరిగి ఇచ్చాడు. ఎవరని అడగలేదు. అర్థమైపోయింది కాబోలు, అతనే చెప్పుకుంటూ పోయాడు.

"ఒక ఇంట్లో నాలుగు రోజులున్నామన్నా. కింద నేలమాళిగ. నిండా సీసాలు. ఉప్పునీళ్ళలో ఊరబెట్టిన కూరగాయలు. ప్రతి సీసా మీదా చిన్న కాగితం అతికించి ఏదో రాశారు. గుండ్రటి అక్షరాలు, పంతులమ్మ రాతలా. పూటకో సీసా తిన్నాం. నాలుగో రోజు ఆవిడొచ్చింది. ముసలావిడ. ఆవిడ ఇల్లే అది. చేతులు తిప్పుతూ ఏదో అంటోంది. తిడుతోందో, బతిమాలుతోందో తెలీలేదు. మా పైఆఫీసరు ఆవిణ్ణి పెరట్లోకి తీసుకెళ్ళాడు. ఒక్కడే తిరిగొచ్చాడు."

నేను మర తిప్పుతూనే ఉన్నాను. అది ఎప్పుడో బిగిసిపోయింది.

"అప్పుడు నేను మెట్ల మీద కూర్చుని సీసా మూత తీస్తున్నాను. చప్పుడు విన్నాను. మూత తీశాను. తిన్నాను కూడా అన్నా. ఆకలేసింది."

మర వదిలేసి అడిగాను. "అసలు ఎందుకు వెళ్ళావు?"

"మా మామయ్య చెప్పాడు. బాగా చదువుకున్నవాడు, లోకం తెలిసినవాడు. యుద్ధం అయిపోవచ్చింది, నీకేం భయం లేదు, వెళ్ళరా అన్నాడు. నా మంచికే చెప్పాడు. ఆయన్ని నేనేమీ అనను."

"మరి?"

"మరేం లేదు. ఆయన మా ఇంటికొస్తే నేను వేరే గదిలోకి వెళ్తాను. అంతే."

లేచి నిలబడ్డాడు. మడమ ఇప్పుడు సరిగ్గా పడుతోంది. గోడదాకా నడిచి వెనక్కి తిరిగి, "బాగుందన్నా" అన్నాడు.

ఫిబ్రవరి 7, శుక్రవారం

నేను వద్దన్నాను. అంటే, ఆలోచించుకో అన్నాను. ఆలోచించుకో అంటే వద్దనే కదా.

ఫిబ్రవరి 8, శనివారం

ఆలోచించుకో అన్నానా?

ఫిబ్రవరి 11, మంగళవారం

సుద్దముక్క ఇవాళ బందీల సంగతి ఎత్తాడు. రష్యాకు పట్టుబడిన వాళ్ళను ఎలా చూస్తున్నారో, విడిపించి తెచ్చినవాళ్ళు ఎంత చిక్కిపోయారో చదివి వినిపించాడు. నేను మెట్ల మీద కూర్చున్న ఎలక్ట్రీషియన్‌ను తలుచుకుంటున్నాను. "రెండువైపులా ఘోరాలు జరుగుతాయి. యుద్ధమంటే అంతే" అన్నాను.

"ఆ మాట అక్కడున్నవాడు అంటే సరే. అన్నం ముందు కూర్చుని మనం అనకూడదయ్యా" అన్నాడు.

లేచి చెయ్యి కడుక్కున్నాను. అతను ఓడించాడని కాదు. అన్నం అయిపోయిందంతే.

ఫిబ్రవరి 19, బుధవారం

ఉత్తరం వచ్చింది. మరదలు పేరు మీద. దళసరి కాగితం, పైన ముద్ర. ఆమె విప్పకుండానే వర్క్‌షాపుకు తెచ్చింది. వాకిట్లో నిలబడి, "బావగారూ, మీరే విప్పండి" అంది. ఒక్క అక్షరం అర్థం కాలేదు. సెలవు చెప్పి, రష్యన్ భాష నేర్పే ఒకావిడ దగ్గరికి ఇద్దరం వెళ్ళాము. మేడ మీద చిన్న గది, గోడకు నల్లబల్ల, దాని మీద నిన్నటి పాఠం ఇంకా చెరపలేదు.

ఆవిడ మొదట మనసులో చదువుకుంది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. తర్వాత మెల్లగా, మాట మాట ఆగి చెప్పింది.

"ముప్పు తన గడప దాకా వచ్చేవరకు ఆగలేక, మరో దారి లేక మా దేశం చేస్తున్న ఈ పోరాటంలో, తన సొంత ఇష్టంతో చేరిన మీ భర్త..."

ఇక్కడ ఆగింది.

"ఉన్నారా, లేరా? అది చెప్పండి" అంది మరదలు.

"లేరమ్మా. సెప్టెంబరు ఇరవై రెండున."

మరదలు ఏడవలేదు. తల ఊపింది. ఉత్తరం వెనక్కి తీసుకుంటూ ఆవిడతో, ఏదో పొరపాటు సరిదిద్దుతున్నట్టు, "సొంత ఇష్టమేనండీ. వీళ్ళ అన్నయ్య ఎంత వద్దన్నా వినకుండా వెళ్ళారు" అంది.

ఆవిడ నన్ను జాలిగా చూసింది.

ముప్పు గడప దాకా వచ్చేవరకు ఆగలేక. మరో దారి లేక. ఇవి ఎక్కడో దూరదేశంలో ఒక గుమాస్తా టైపు చేసిన మాటలు. కానీ నావే. జూన్ నుంచీ, అంతకు ముందు నుంచీ, రోజూ మధ్యాహ్నం నేను సుద్దముక్కతో అంటున్నవే. నా తమ్ముడి చావు కబురు నా మాటల్లోనే వచ్చింది.

శరీరం సంగతి అందులో ఏమీ లేదు.

ఫిబ్రవరి 20, గురువారం

పనికి వెళ్ళలేదు. ఇంట్లో నలుగురైదుగురు వచ్చి పోతున్నారు. అమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. నేను మేడ మీదికి వచ్చి రాస్తున్నాను. ఈసారి ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

నేను వద్దనలేదు.

జూన్ పదకొండు, మంగళవారం. మధ్యాహ్నం. భోజనం చేస్తున్నాము. తమ్ముడు ఏజెంటు ఆఫీసు మెట్ల మీద నుంచి ఫోన్ చేశాడు. క్రేన్ కంపెనీ మూతపడి ఐదు నెలలుగా పని కోసం తిరిగి తిరిగి ఉన్నాడు. "అన్నయ్యా, కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. రష్యా. క్రేన్ పనే అంటున్నారు కానీ కాగితం వాళ్ళ భాషలో ఉంది. నాకెందుకో గుండె దడగా ఉంది. నువ్వు రోజూ ఆ యుద్ధం గురించి చదువుతావుగా, నీకు తెలుస్తుంది. పెట్టనా, వచ్చేయనా?"

వాడు అడిగింది అంతే. వచ్చేయనా అని కూడా అడిగాడు.

సుద్దముక్క ఎదురుగా కూర్చుని వింటున్నాడు. అప్పుడే, ఆ ఫోన్ రావడానికి రెండు నిమిషాల ముందే, నేను బల్ల గుద్ది చెప్పి ఉన్నాను: ఆరు నెలల్లో అంతా ముగుస్తుంది, రష్యా గెలిచినట్టే, అక్కడిప్పుడు భయమే లేదు అని. అతను పడీ పడీ నవ్వాడు. ఆ నవ్వు ఇంకా అతని మొహం మీద ఉంది. ఇప్పుడు ఫోన్‌లో, "వద్దురా, చచ్చిపోతావు, వచ్చేయ్" అని నేను అతని ముందు ఎలా అనేది?

"పెట్టరా. ఏం కాదు. అయిపోవచ్చింది" అన్నాను.

"నువ్వంటే సరే" అన్నాడు వాడు. గొంతులో దడ పోయింది. నాకు వినిపించింది, పోవడం.

ఫోన్ పెట్టేసి, "మా తమ్ముడు. విదేశంలో క్రేన్ పని దొరికింది" అన్నాను సుద్దముక్కతో. ఏ దేశమో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? ఆ నోటితో ఏం కాదని అన్నవాణ్ణి, దేశం పేరు ఎందుకు మింగాను? అంటే నాకు తెలుసు. ఆ క్షణంలోనే తెలుసు.

యూనిఫారం ఫొటో వచ్చిన రోజు అమ్మా మరదలూ ఏడుస్తుంటే, "నేను వద్దనే చెప్పాను" అన్నాను. ఎవరూ అడగలేదు. నా అంతట నేనే అన్నాను. మర్నాడు మళ్ళీ అన్నాను. తర్వాత వాళ్ళే అనడం మొదలుపెట్టారు. నలుగురు అన్నాక నిజంలాగే ఉంది.

ఆ రోజు అన్నం దగ్గర ఒక్క మాట ఓడిపోయి ఉంటే సరిపోయేది.

ఫిబ్రవరి 24, సోమవారం

పనికి వెళ్ళాను. యుద్ధం మొదలై మూడేళ్ళయిందని పేపరు నిండా అవే వ్యాసాలు. సుద్దముక్క విప్పి, "రావయ్యా, ఇవాళ పెద్ద పండితులంతా రాశారు. సగం మంది నీ జట్టు, సగం మంది నా జట్టు" అన్నాడు.

"మా తమ్ముడు అక్కడ పోయాడు" అన్నాను.

అతనికి వెంటనే అందలేదు. చెప్పాను. జూన్‌లో ఫోన్ వచ్చింది చూడు, నువ్వు ఎదురుగానే ఉన్నావు, అదే అన్నాను. పేపరు మడిచాడు. మళ్ళీ మడిచాడు. ఇక మడత పడనంత చిన్నది చేసి పిడికిట్లో పట్టుకున్నాడు.

"నాకేం తెలుసయ్యా?" అన్నాడు. "నేను పొద్దుపోక వాదించేవాణ్ణి. తెలిస్తే ఆ రోజే ఓడిపోయేవాణ్ణి కదా. నువ్వు చెప్పిందే రైటని ఒప్పేసుకుని లేచిపోయేవాణ్ణి కదా. అప్పుడు నువ్వు ఫోన్‌లో..."

అతని కళ్ళ కింద పిండి తడిసి చారలు కట్టింది.

అతను ఓడిపోయి ఉంటే నేను వద్దనేవాణ్ణా? అవునని రాయాలని ఉంది.

మార్చి 2, ఆదివారం

ఉత్తరం వచ్చినప్పటి నుంచి అమ్మ సూది ముట్టలేదు. చొక్కాల మూట అలాగే ఉంది. ఈరోజు పొద్దున్నే మొహం కడుక్కుని వచ్చి నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆ యుద్ధం ఎందుకొచ్చిందిరా? అందరికీ చెప్తావట కదా. నాకూ చెప్పు. నా కొడుకు దేనికి పోయాడో నేను తెలుసుకోవద్దా?" అంది.

మొదలుపెట్టాను. మూడేళ్ళ కిందట రష్యా సైన్యం సరిహద్దు దాటింది అన్నాను. ఎందుకు దాటింది అంది. అంతకు ఎనిమిదేళ్ళ ముందు అక్కడ ప్రభుత్వం పడిపోయింది, రష్యా ఒక ద్వీపకల్పాన్ని లాక్కుంది, తూర్పున పోరు మొదలైంది అన్నాను. అది ఎందుకు అంది. అంతకు ముందు రెండూ ఒకే దేశంగా ఉండేవి, విడిపోయాయి, విడిపోయాక ఒకరు ఎటు చేరతారో అని ఇంకొకరికి భయం, కోపం, తిరిగి కలుపుకోవాలని ఆశ, ఉక్రెయిన్‌వాళ్ళకి మా బతుకు మేం బతుకుతామని పంతం. ఇలా వెనక్కి వెనక్కి పోతున్నాను. అమ్మ ఎక్కడా అడ్డు రావడం లేదు. ఆగినప్పుడల్లా ఒకటే అడుగుతోంది.

"మరి ఇందులో వీడికేం పని?"

మళ్ళీ ఇంకో వైపు నుంచి చెప్పడం మొదలుపెట్టాను. సుద్దముక్క వాదన కూడా నేనే చెప్పాను. నిజానికి అతనిదే సూటిగా ఉంది. ఒకరి ఇంట్లోకి ఇంకొకరు చొరబడ్డారు.

"మరి వీడు?" అంది అమ్మ.

నా దగ్గర ఉన్న కారణాలన్నీ అయిపోయాయి.

"నేను పెట్టమన్నానమ్మా. సంతకం. వాడు వచ్చేయనా అని అడిగాడు. పెట్టరా, ఏం కాదు అన్నాను. నేను వద్దనలేదు."

వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేయడానికి తంటాలు పడుతున్నారు. అది ఆరేడు సార్లు మొరాయించి అంటుకుని వెళ్ళిపోయింది.

"ఈ ముక్క చెప్పడానికి ముప్ఫై ఏళ్ళ చరిత్ర తిప్పావురా" అంది అమ్మ.

లేచి చొక్కాల మూట ముందుకు లాక్కుని విప్పింది. ఒకటి తీసింది. ఎంతసేపటికీ సూదిలోకి దారం ఎక్కడం లేదు. నేను చెయ్యి చాపాను. ఇవ్వలేదు.

మధ్యాహ్నం దాటాక, తల ఎత్తకుండానే అంది. "కోడలికి నేను చెప్పను. నువ్వే చెప్పాలి. రేపే."

మార్చి 3, సోమవారం

పని నుంచి నేరుగా మరదలి ఇంటికి వెళ్ళాను. పాప పెదనాన్నా అని పరిగెత్తుకొచ్చి మోకాళ్ళకు చుట్టుకుంది. మరదలు లోపల్నుంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. లోపలికి వెళ్ళి కూర్చుంటే ఆమె మంచినీళ్ళు ఇస్తుంది, తాగాక చెప్పలేను. అందుకని గుమ్మంలోనే చెప్పాను. జూన్ పదకొండు, ఫోన్, వాడు అడిగింది, నేను అన్నది. సుద్దముక్క ఎదురుగా ఉన్నాడనీ, అతని ముందు ఓడిపోలేకే అలా అన్నాననీ కూడా చెప్పాను.

ఆమె మొత్తం విన్నది. ఒక్కటే అడిగింది.

"ఆయన గొంతు ఎలా ఉంది అప్పుడు?"

"ముందు భయపడ్డాడు. నేను చెప్పాక తేలికపడ్డాడు."

మరదలు పాపను పిలిచింది. పాప నన్ను వదలలేదు. మరదలే వచ్చి, దాని వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, చంకనేసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తలుపు వేయలేదు. వేసి ఉంటే తిరిగి వచ్చేసేవాణ్ణి. లోపల పాపకు జడ వేస్తున్నట్టుంది, కదలొద్దని కసురుతోంది. తర్వాత అన్నం పెట్టింది. గిన్నెల చప్పుడు. వీధిలో పోయేవాళ్ళు గుమ్మంలో నిలబడ్డ నన్ను చూసుకుంటూ పోయారు. వీధి దీపాలు వెలిగేదాకా నిలబడ్డాను.

కూర్చోమని అనలేదు. పొమ్మని కూడా అనలేదు.